మేడమ్ గారి పావు

ఏప్రిల్ 4. ఉదయం 6.10

ఈ రోజు నుంచి రాస్తున్నాను. కారణం ఒక్కటే. నా పుస్తకాన్ని ఒక గ్రాఫిక్ డిజైనరు చేతిలో పెడుతున్నాను. అతను దాన్ని పాడుచేస్తాడు. పాడుచేశాక, మీరే కదా మేడమ్ అలా చెయ్యమన్నారు అంటాడు. నేను అనలేదని చూపించడానికి తేదీ, గంట వేసిన రాత కావాలి.

రాస్తున్నది నా ప్రాక్టికల్ పరీక్షల రిజిస్టరులో. ముప్పై రెండేళ్ల కటింగ్ క్లాసు ఇందులో ఉంది. ప్రతి అమ్మాయికీ ఒక వరుస. ఏం కుట్టింది, కొలతలో ఎంత తేడా వచ్చింది, పాసా, ఫెయిలా. చివర అరవై నాలుగు పేజీలు మిగిలిపోయాయి. పదేళ్ల కిందట రిటైరైన రోజే అనుకున్నాను, ఇవి వృథా కాకూడదని.

పుస్తకం సంగతీ రాసి పెట్టాలి. నా కుడి బొటనవేలి కీలు అరిగిపోయింది. చలికాలం నుంచి కత్తెర పట్టడం లేదు. నా ప్యాటర్నులు ఇరవై నాలుగు, ఖాకీ కాగితం మీద గీసినవి, గోడకు మేకులకు వేలాడుతున్నాయి. అంచులు పిగులుతున్నాయి. ఉన్నది ఒక్కటే సెట్టు. స్కూల్లో నా కుర్చీలో ఇప్పుడు నా పాత విద్యార్థిని కూర్చుంటోంది. కొత్త బ్యాచి జూలై ఒకటిన మొదలు. ఈలోగా ప్యాటర్నులన్నీ అసలు సైజులో మడత షీట్లుగా, వాటికి తోడు నలభై ఎనిమిది పేజీల పుస్తకంగా, నాలుగు వందల సెట్లు అచ్చయి అందితే నా పద్ధతి అక్కడ పాఠమవుతుంది. అందకపోతే హెడ్‌మిస్ట్రెస్ బయటి కంపెనీ షీట్లు తెప్పిస్తుంది. ఆ మాట ఆమె నాకు మర్యాదగానే చెప్పింది. అప్పుడు నా పద్ధతి నాతోనే పోతుంది. నేను ఎప్పుడు పోతానో తెలియదు గాని జూలై ఒకటి ఎప్పుడొస్తుందో తెలుసు.

ఏప్రిల్ 7

పది గంటలకు రమ్మన్నాను. 10.12కి వచ్చాడు. ఆలస్యమైందని చెప్తే ఫోను చూసుకున్నాడు, గోడ గడియారం చూశాడు, నోరు మూసుకున్నాడు. తప్పు తెలిసినవాడి లక్షణం. ఆ గడియారం నా వీడ్కోలు రోజున స్కూలు వాళ్లు ఇచ్చింది.

నలభై దాటిన మనిషి. జుట్టు వెనక్కి లాగి రబ్బరు బ్యాండు వేశాడు. చొక్కా రెడీమేడ్. ఎడమ భుజం కుట్టు అర అంగుళం కిందికి జారి ఉంది. తన భుజం ఎక్కడుందో తెలియని మనిషి నా పుస్తకంలో భుజాలు గీస్తాడట.

కూర్చోగానే, పేజీకి గాలి ఆడాలండీ అన్నాడు. వైట్ స్పేస్ కావాలట. నలభై ఎనిమిది పేజీల్లో ఖాళీ ఎంత అని అడిగాను. మూడో వంతు ఉంటే బావుంటుంది మేడమ్ అన్నాడు. అంటే పదహారు పేజీలు ఏమీ వెయ్యకుండా పిల్లల చేతికివ్వాలి. ఆ పని మా వీధి చివర నోటుపుస్తకాల కొట్టువాడు ఎప్పటినుంచో చేస్తున్నాడు. వాడికి డిజైనరు అక్కర్లేదు. ఈ రోజు నుంచి ఇతని పేరు ఖాళీ.

నా షరతు ఒక్కటే చెప్పాను. నేను సంతకం పెట్టిన ప్రూఫు ఎలా ఉంటే అలాగే అచ్చు పడాలి. వెంట్రుకవాసి తేడా రాకూడదు. అలాగేనండీ, మీ సంతకమే శాసనం అన్నాడు. మాటకేం. పిట్ట కొంచెం, కూత ఘనం.

వెళ్తూ వెళ్తూ, మీరేం టెన్షన్ పడకండి బామ్మగారూ అన్నాడు. నాకు మనవలు ముగ్గురు, ముగ్గురి లెక్కా నా దగ్గరుంది, అందులో మీరు లేరు అన్నాను. ముందు గదిలో మిషను కుడుతున్న కోడలు దగ్గింది. అది దగ్గు కాదు.

ఏప్రిల్ 11

ఖాళీ ఫోన్ చేసి గీతలు ఏ రంగులో వెయ్యాలి అన్నాడు. నలుపు అన్నాను. నలుపులో ఏ నలుపు మేడమ్ అన్నాడు. పెట్టేశాను.

ఏప్రిల్ 16

10.13. ఇంకో నిమిషం పెరిగింది.

మొదటి నమూనా తెచ్చాడు. తప్పులు 31. అన్నీ రాయను. చొక్కా చంక వంపును నున్నగా సాగదీశాడు. ముందు వంపు లోతుగానూ వెనక వంపు తక్కువగానూ ఉండాలి. రెండూ ఒకేలా ఉంటే కంటికి ఫ్లో బావుంటుందట. మనం చేతులు ముందుకు చాపి అన్నం తినే జాతికి కుడుతున్నాం, షోకేసు బొమ్మకి కాదు అన్నాను. బట్ట నిలువును చూపించే బాణాలు తీసేశాడు. చూపుకి అడ్డం, క్లటర్ అట. ఆ బాణం చూసుకోకుండా కోసిన గౌను మూడు ఉతుకులకి ఒంటి మీద మెలితిరిగిపోతుంది. ఇక కోటు చేతులు. ఒకటి గీసి, దాన్నే రెండోసారి పెట్టి, తిప్పడం మరిచిపోయాడు. అతని లెక్కలో మనిషికి రెండూ ఎడమ చేతులే. తనని చూసుకుని అనుకున్నాడేమో.

అన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఒక్కదానికీ వాదించలేదు. వాదించకపోవడం కూడా ఒక రకం పొగరే.

చివరలో ఒకటి అడిగాడు. ఆఖరి పేజీలో కింద, చిన్న అక్షరాల్లో, డిజైన్ అని తన పేరు వేసుకోవచ్చా అని. ముప్పై రెండేళ్ల నా పని కింద మూడు నెలల మనిషి పేరు! ఇది పుస్తకం, మీ ఇంటి గుమ్మం కాదు నేమ్‌ప్లేటు కొట్టుకోడానికి అన్నాను. సరేనండీ అని తలుపు మెల్లిగా వేసి వెళ్లాడు.

అలా అనాల్సింది కాదు అత్తయ్యా, పాపం అంది కోడలు. పాపం అనే మాటకి ఈ ఇంట్లో పరిమితి లేకుండా పోయింది.

ఏప్రిల్ 22

నా ఖాకీ ప్యాటర్నులు స్కాన్ చేస్తే గీతలు వణుకుతున్నాయట. కాగితం ముడతలు పడిందట. కొలతల పట్టిక ఇస్తే కంప్యూటర్‌లో అంగుళాల ప్రకారం కొత్తగా గీస్తానన్నాడు. వణికేది నా కాగితమా మీ మిషనా అని అడగబోయి ఊరుకున్నాను. పట్టిక ఇచ్చాను. 24 ముక్కలు, 311 కొలతలు. ఒక్క కొట్టివేత లేదు. చూసి, మేడమ్ మీ రాత అచ్చు టైపు కొట్టినట్టుంది అన్నాడు. పొగిడాననుకున్నాడు. టైపు మిషన్లే నన్ను చూసి నేర్చుకోవాలి.

మే 2

10.12. అసలు సైజు ప్రూఫులు చుట్టలు చుట్టి తెచ్చాడు. హాల్లో కుర్చీలు గోడకి జరిపి నేల మీద పరిచాం. నేను మెడలోంచి టేపు తీశాను.

ఈ టేపు ఉద్యోగంలో చేరిన నెలలో కొన్నది. గుడ్డ టేపు, రెండు కొసలకీ ఇత్తడి. నలభై రెండేళ్లుగా నా మెడలో ఉంది. ఈ కుటుంబంలో దీని కిందికి రాని ఒళ్లు లేదు. కోడల్ని పెళ్లికి ముందే కొలిచాను. మనవల్ని పుట్టిన పదో రోజున కొలిచాను. మా ఆయన చివరి చొక్కాకీ ఇదే.

పిల్లల చొక్కా వెనక పొడవు 16 ఉండాలి. 15¾. కోటు పొడవు 32 ఉండాలి. 31½. ఒకదాని తర్వాత ఒకటి, ఇరవై నాలుగు ముక్కలూ కొలిచాను. అన్నీ కురచ. మాటవరసకైనా ఒక్కటి పొడుగు లేదు.

ఖాళీ మోకాళ్ల మీద కూర్చుని తల గోక్కున్నాడు. అలా ఎలా అవుతుందండీ, నేను పదహారే కొట్టాను అన్నాడు. పొరపాటైతే కొంత అటూ కొంత ఇటూ ఉంటుంది, అన్నీ ఒకే వైపు పోతే అది పొరపాటు కాదు, స్వభావం అని చెప్పాను. రాసి పెట్టుకోదగిన మాట. అందుకే ఇక్కడా రాస్తున్నాను.

ఈ స్వభావం నాకు కొత్త కాదు. ముప్పై రెండేళ్లు నా క్లాసులో చూశాను. బట్ట మీద పావు అంగుళం మిగుల్చుకుందామనే పీనాసితనం. ఈ రిజిస్టరు నిండా అదే. ఇప్పుడు టీచరైన అమ్మాయి కూడా పదమూడేళ్ల కిందట దీనికే ఫెయిలైంది. పదిహేనూ ముప్పావు. నా బల్ల ముందు నిలబడి, పదహారే కోశాను మేడమ్ అని ఏడ్చింది. ఏడాది మళ్లీ చదివింది. మరుసటేడు సరిగ్గా పదహారు తెచ్చింది. ఫెయిల్ చెయ్యబట్టే ఈ రోజు ఆ కుర్చీలో ఉంది.

లోకం రోజురోజుకీ కురచైపోతోంది. ఎవరో ఒకరు టేపు పట్టుకుని నిలబడాలి.

మే 3

ఖాళీ ఫోన్. మేడమ్, ప్రతి షీటు మూలనా రెండంగుళాల చదరం పెట్టాను చూశారా, అచ్చులో సైజు తగ్గితే అదీ తగ్గాలి కదా అన్నాడు. లైన్లో ఉండమని వెళ్లి కొలిచాను. సరిగ్గా రెండు. అంటే చిన్నదాన్ని సరిగ్గా చూపించి పెద్దదాంట్లో కొట్టేశాడు. దొంగ తూకం వేసేవాడు కూడా చిన్న రాయి నిజమైనదే పెడతాడు.

కంప్యూటర్ అలా చెయ్యదండీ అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నాను. తర్వాత, నా దగ్గర స్టీలు స్కేలుంది, ఒక్కసారి తెచ్చి మీ టేపు పక్కన పెట్టి చూద్దామా అన్నాడు. మనుషుల ఒళ్లు స్టీలు కాదు, నా ఇంట్లో స్టీలుతో బట్టలు కొలవరు అన్నాను.

మే 6

రెండో సాక్షిని కూడా పిలిచాను. అతని ప్రూఫుల మీద నా ఖాకీ ప్యాటర్నులు పరిచాను. ప్రతి ఖాకీ ముక్కా అతని గీత దాటి బయటికొచ్చింది. టేపు ఒక సాక్షి, కాగితం ఒక సాక్షి. ఇద్దరూ ఒకే మాట చెప్పారు. ఖాళీ మోకాళ్ల మీద వంగి చాలాసేపు చూశాడు. ఈ ఖాకీ కాగితాలు దేనితో కొలిచి గీశారు మేడమ్ అని అడిగాడు. టేపుతో కాక జానతో గీస్తామా? రిటైరయ్యే ముందు ఏడాది ఇరవై నాలుగూ కొత్తగా గీసుకున్నాను.

మీ కాగితానికి సరిపోయేట్టు చేస్తాను, ఖాకీవి ఓ వారం ఇస్తారా అన్నాడు. రసీదు రాయించుకుని ఇచ్చాను.

మే 9

మార్చిన షీటు ఒకటి చూడమని పంపాడు. మూలన పెన్సిలుతో సన్నగా రాసి ఉంది: మీ టేపు వయసెంత మేడమ్? రబ్బరు పెట్టి చెరిపేశాను. ప్రూఫు మీద చిల్లర రాతలు నాకు నచ్చవు.

మే 15

10.12. కొత్త ప్రూఫులు. ఖాకీ కాగితాల మీద పెడితే అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. 16 అంటే 16. 32 అంటే 32. చంక వంపులు సరి. బాణాలు వచ్చాయి. కోటుకి కుడిచేయి మొలిచింది. చేతనయ్యే పనిని రెండు వారాలు నా చేత తిట్లు తిని చేశాడు. ఈ మాత్రం మొదటే చేస్తే ఏం పోయేది?

ఇరవై నాలుగు ముక్కలూ ఉన్న పన్నెండు షీట్ల మీదా సంతకం పెట్టాను. పెట్టబోతుంటే ఆగండి మేడమ్ అని, సంతకం పైన ఒక వరుస రాయమన్నాడు. కొలతలన్నీ నా టేపుతో సరిచూశాను, అని. పన్నెండు సార్లు రాశాను. బొటనవేలు గుంజింది. అయినా సంతోషంగానే రాశాను. బాధ్యత అంటే ఏమిటో ఇతనికి మొదటిసారి అర్థమైంది.

జూన్ 3

అచ్చు మొదలు. పది గంటలకు రమ్మన్నారు. ఇంట్లో గడియారం చూసుకుని లెక్క ప్రకారం బయలుదేరి లెక్క ప్రకారం చేరాను. ప్రెస్సు తలుపు మూసే ఉంది. అరుగు మీద నిలబడ్డాను, చాలాసేపు. ఖాళీ, ప్రెస్సాయన కలిసి టీ తాగి తీరిగ్గా వచ్చారు. ఇద్దరూ ఒకే తాను ముక్కలు.

లోపల రెండు మిషన్లు. నేలంతా సిరా మరకలు. మాట్లాడాలంటే అరవాలి. ప్రెస్సాయన, సారు రెండు ఫైళ్లు పంపారమ్మా, ఏది ఎక్కించమంటారు అని అరిచాడు. ఖాళీ నా వైపు చూడకుండా, మేడమ్ సంతకం పెట్టింది అన్నాడు. రెండోది దేనికి అని అడిగాను. పట్టిక ప్రకారం ముందు గీసింది మేడమ్, పాత ఫైలు పారెయ్యడం నాకు అలవాటు లేదు అన్నాడు. చెత్త పోగేసే అలవాటు కూడా ఉందన్నమాట.

మొదటి షీటు బయటికొచ్చింది. వెచ్చగా ఉంది. మిషను పక్కనే టేపు పెట్టాను. పదహారు. తల ఊపాను. మిగతా షీట్లన్నీ మిషను ఎక్కాయి.

జూన్ 9

నాలుగు వందల సెట్లు స్కూలుకి చేరాయి. గడువుకి ఇరవై రెండు రోజుల ముందు. నా పని ఎప్పుడూ ఇంతే.

జూన్ 12

కొత్త టీచరు ఫోన్ చేసింది. పిల్లలకి చూపించడానికి షీటు పెట్టి ఒక నమూనా చొక్కా కోసిందట. మేడమ్ మీరేమీ అనుకోకండి, షీటు మీద పదహారు అని వేసి ఉంది, కొలిస్తే పదహారుంపావు వస్తోంది అంది. టేపు మార్చుకో అన్నాను. మూడు టేపులతో చూశాను మేడమ్ అంది. పదమూడేళ్ల కిందట పావు తక్కువ తెచ్చావు, ఇప్పుడు పావు ఎక్కువ తెస్తున్నావు, రెంటికీ మధ్యలో ఎక్కడా నీకు చెయ్యి నిలవదా అన్నాను.

రేపు వస్తాను మేడమ్ అంది.

జూన్ 13. మధ్యాహ్నం 2

వరసగా రాస్తాను. ఏదీ వదలకుండా రాస్తాను.

తొమ్మిదిన్నరకి వచ్చింది. చేతిలో నమూనా చొక్కా, ఒక షీటు, సంచీలో రెండడుగుల స్టీలు స్కేలు. స్కేలు బయటికి తియ్యలేదు. ముందు షీటు పరిచింది. నేను నా టేపు పెట్టాను. పదహారు. చూశావా అన్నాను. ఆమె తన టేపు పెట్టింది. పదహారుంపావు. నీ టేపు తప్పు అన్నాను.

కోడలు మిషను ఆపి వచ్చింది. తన టేపు పెట్టింది. పదహారుంపావు.

అప్పుడు ఆ అమ్మాయి స్కేలు తీసి, పట్టుకోండి మేడమ్ అని నా చేతికే ఇచ్చింది. నా టేపు ఇత్తడి కొసని స్కేలు సున్నా దగ్గర పెట్టాను. రెండంగుళాల దగ్గర రెండూ కలిశాయి. ఆరు దగ్గర కొంచెం విడివడ్డాయి. స్కేలు పదహారు దగ్గర నా టేపు మీద పదిహేనూ ముప్పావు. ఇరవై నాలుగు దగ్గర ఇరవై మూడున్నర దాటి ఇంకొక్క అరపావు, అంతే.

టేపు సాగింది. ఎప్పుడో సాగింది. మెడలో వేలాడి వేలాడి, ఒళ్ల చుట్టూ లాగి లాగి.

నేనే అన్నాను, మరి ఇన్నాళ్లూ నేను కొలిచిన బట్టలు సరిపోయాయి కదా అని. అంటూనే జవాబు తట్టింది. ఒంటినీ అదే టేపుతో కొలిచాను, బట్టనీ అదే టేపుతో కోశాను. తప్పుని తప్పుతో కొలిస్తే సరిపోకేం చేస్తుంది. ఆ ఖాకీ కాగితాలూ దాని పిల్లలే. ఇద్దరు సాక్షులని మురిసిపోయాను. ఇద్దరూ ఒక్క తల్లి బిడ్డలు.

మరి నేను కొలతలు చెప్తే నువ్వు కోసినవి కూడా సరిపోయేవి కదా అని కోడల్ని అడిగాను. నేల చూస్తూ చెప్పింది. మీ పదహారు నా పదహారుంపావు అత్తయ్యా, పెళ్లయిన ఏడాదే కనిపెట్టాను, మీరు చెప్పినదానికి కలుపుకుని కోస్తాను అంది. ఇరవై మూడేళ్లు! చెప్పలేదేం అన్నాను. చెప్తే మీరు ఊరుకునేవారా అంది. నిజమే. ఊరుకునేదాన్ని కాదు.

కొత్త టీచరు ముఖం చూస్తే ఇంకా ఏదో ఉందని తెలిసింది. చెప్పమన్నాను. చెప్పనంది. పరీక్ష బల్ల దగ్గర అడిగినట్టు అడిగాను. అప్పుడు చెప్పింది.

మేడమ్ గారి పావు అంటారట దాన్ని. సీనియర్లు జూనియర్లకి చెప్పేవాళ్లట. ప్రాక్టికల్ ముందు రోజు హాస్టలు వరండాలో, ఒసేయ్ కత్తెర తెచ్చుకున్నావా, చాక్ తెచ్చుకున్నావా, మేడమ్ గారి పావు కలుపుకున్నావా అని. కలుపుకున్నవాళ్లు పాస్. నాకెవరూ చెప్పలేదు మేడమ్, నేను డే స్కాలర్ని అంది. రెండో ఏడాది ఎవరో జాలిపడి చెప్పారట. అప్పుడు పదహారుంపావు కోసింది. నేను కొలిచి, సరిగ్గా పదహారు, ఇలా ఉండాలి అని క్లాసందరికీ ఎత్తి చూపించాను. నాకది బాగా గుర్తుంది. మనిషి అన్నాక బాగుపడుతుంది అని కూడా అన్నాను.

అంతా చెప్పి, అలవాటు మీద, సారీ మేడమ్ అంది.

పోతూ గుమ్మం దగ్గర ఒక్క మాట అంది. జూలై ఒకటిన పిల్లలు వాళ్ల టేపులతో ఈ షీటు కొలిస్తే మీ పుస్తకంలో ఒక్క అంకె నమ్మరు మేడమ్, హెడ్‌మిస్ట్రెస్‌కి ఇంకా చెప్పలేదు, ఏం చెప్పమంటారు అంది.

జూన్ 14

ఈ రిజిస్టరు మొదటి పేజీ నుంచి తిప్పాను. తేడా గడి ఒక్కటే చూస్తూ వచ్చాను.

మొదటి పదేళ్లు: తక్కువ వచ్చి ఫెయిలైనవాళ్లు 6. ఎక్కువ వచ్చి ఫెయిలైనవాళ్లు 5. పొరపాటైతే అటూ ఇటూ ఉంటుంది.

తర్వాత పన్నెండేళ్లు: తక్కువ 38. ఎక్కువ 0.

చివరి పదేళ్లు: తక్కువ 9. ఎక్కువ 0. ఇక్కడ మార్జిన్‌లో ఎర్ర సిరాతో నా రాత ఉంది. కఠినంగా ఉంటే ఫలితం ఇదీ, అని. కఠినత్వం కాదు. అప్పటికి వరండాలో మాట పాకిపోయింది, అంతే.

ముప్పై ఎనిమిదీ తొమ్మిదీ నలభై ఏడు. అన్నీ ఒకే వైపు. పీనాసితనం అని నేను పేరు పెట్టింది నలభై ఏడుగురు అమ్మాయిల నిజాయితీకి. గురివింద గింజ తన కింది నలుపు ఎరగదని పిల్లలకి చెప్పేదాన్ని. ఈ అచ్చులాంటి అక్షరాల్లో నా చేత్తోనే లెక్క రాసుకుని, ముప్పై రెండేళ్లు దాన్ని చదవలేదు.

జూన్ 15

టేపు మెడలో వేసుకోలేదు. మెడ ఎవరిదోలా ఉంది.

జూన్ 16

ఖాళీకి ఫోన్ చేశాను. నా టేపు సాగిందండీ అన్నాను. అండీ అని నోట్లోంచి అదే వచ్చింది.

అవునండీ, అనుకున్నాను అన్నాడు. ముందే చెప్పాను కదా అంటాడని కాచుకున్నాను. అనలేదు. అతని చోట నేనుంటే ఒకసారి కాదు, రోజుకోసారి అనేదాన్ని. చెరిపేసిన పెన్సిలు రాత సంగతి నేనే ఎత్తాను. పోనివ్వండి మేడమ్ అన్నాడు. గట్టిగా ఎందుకు చెప్పలేదు అని కసిరాను. ఇంకా కసరడానికి నాకు నోరుంది. నాలుగుసార్లు చెప్పబోయాను, నాలుగుసార్లూ మీరు సామెత చెప్పారు అన్నాడు.

తర్వాత పని మాట్లాడాడు. పుస్తకంలో అంకెలన్నీ సరే కాబట్టి పుస్తకం జోలికి పోనక్కర్లేదు. షీట్లు మాత్రం మళ్లీ వెయ్యాలి. ముందు గీసిన ఫైలు అలాగే ఉంది. అందులోనూ చంకలు, బాణాలు, కుడిచేయి అన్నీ ఎప్పుడో సరిచేసి పెట్టాడట. ఎందుకు చేశారు అన్నాను. ఎప్పటికైనా అడుగుతారని అన్నాడు. ప్రెస్సాయన ఇరవై మూడున మిషను ఇస్తానన్నాడట. అంటే నేను ఫోన్ చెయ్యకముందే కనుక్కుని ఉంచాడు. పొగరు.

కానీ ఒక షరతు అన్నాడు. మీ సంతకం లేకుండా అచ్చు ఎక్కించను మేడమ్, మీరే పెట్టిన రూలు.

జూన్ 17

జరగాల్సినవి:

1. హెడ్‌మిస్ట్రెస్‌కి నేనే చెప్పాలి. కొత్త టీచరు చేత చెప్పించకూడదు. టేపు వెంట తీసుకెళ్లి చూపించాలి.

2. కొత్త ప్రూఫులు కోడలి టేపుతో, కోడలే కొలవాలి. నేను చూడాలి. సంతకం పైన ఆ వరుస మార్చి రాయాలి.

3. నాలుగు వందల సెట్ల తప్పు షీట్లు పారెయ్యకూడదు. వెనక వైపు తెల్లగా ఉంది. పిల్లలు గీతలు నేర్చుకోడానికి పనికొస్తాయి. అతను అడిగిన వైట్ స్పేస్, అడిగినదానికన్నా ఎక్కువే వచ్చింది.

4. పదకొండో పేజీలో కాలరు బొమ్మ ఇప్పటికీ వంకరగానే ఉంది. నా టేపు సాగినంత మాత్రాన అతని కాలరు సరి కాదు. చెప్పాలి.

5. పుస్తకాలు అచ్చయిపోయాయి. అతని పేరు కొత్త షీట్ల మీద వెయ్యాలి, చదరం పక్కన. ఇంటిపేరుతో సహా అడిగి తెలుసుకోవాలి. ఇన్నాళ్లూ అడగలేదు.

6. రిజిస్టరులో నలభై ఏడు వరుసల ఎదురుగా రాయాలి: కొలత సరి, టేపు తప్పు. కింద సంతకం, ఈ నాటి తేదీ. ఈ రోజుకి నాలుగు వరుసలు అయ్యాయి. బొటనవేలు ఇంతకన్నా సాగదు. మొదటిది కొత్త టీచరుది.

7. టేపుని పదహారో అంగుళం దగ్గర కోసి, ఆ ముక్క క్లాసు గోడకి, స్టీలు స్కేలు పక్కన కొట్టాలి. కత్తెర నేను పట్టలేను. కోడల్ని అడగాలి.

8. ఎల్లుండి పదింటికి అతను ప్రూఫులు తెస్తాడు. ఈలోగా గోడ గడియారాన్ని ఎవరి ఫోనుతోనైనా సరిచూడాలి.